కట్టుడు పళ్ళకు సరళీ స్వరాలు

ఏప్రిల్ 9, బుధవారం

ఈ నోటు పుస్తకం ఆయన కోసం కొన్నది. కొత్త పళ్ళ సెట్టు కట్టిన డాక్టరు, "రోజూ ఎంతసేపు ఊదారో, ఎక్కడ నొప్పి పుట్టిందో రాసుకురండి, దాన్నిబట్టి సరిచేస్తాను" అన్నాడు. మూడు రోజులైనా ఆయన పెన్ను మూత తీయలేదు. నలభై ఏళ్ళు సన్నాయి ఊదిన అబ్దుల్ రహీమ్ ఇప్పుడు బడిపిల్లాడిలా హోంవర్కు రాయడమా అని. సరే, పెళ్ళాన్ని నేనున్నాగా, నేను రాస్తాను. ఆయన ఎదురుగా నవ్వలేని నవ్వు ఎక్కడో ఒకచోట నవ్వాలి కదా.

ఇవాళ సాధన: ఐదు నిమిషాలు. సా పట్టబోయాడు. సా రాలేదు, పళ్ళు వచ్చాయి. పైవరస మొత్తం, ఊదే చోట బిగించే రెల్లు పీకను కరుచుకుని సన్నాయి కొసన వేలాడింది. నేను వంటింట్లోకి పరిగెత్తి, గిన్నెలు నాలుగు కింద పడేసి, ఆ చప్పుడులో నవ్వాను.

ఏప్రిల్ 10, గురువారం

డాక్టరుకి అర్థం కావాలంటే కొంత ముందు నుంచి రాయాలి. మొగుడూ పెళ్ళాలం మాది జంట సన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా నరసరావుపేట చుట్టుపక్కల గుళ్ళలో, పెళ్ళిళ్ళలో ఊదుతున్నాం. చాప మీద కుడివైపు ఆయన, ఎడమవైపు నేను, వెనక ఆయన తమ్ముడు అయాజ్ డోలు. రాగం కుడివైపు మనిషిది. ఆయన ఊపిరి తీసుకునేటప్పుడు ఆ సందు పూడ్చడం ఎడమవైపు మనిషి పని. ఇన్నేళ్ళలో నేను పూడ్చిన సందులన్నీ కలిపితే ఒక కచేరీ అయ్యేది. అయినా నాకేం కోరిక లేదు.

పొద్దున్న సాధన వరస ఇది. నాలుగున్నరకి లేచి పీక నీళ్ళలో నానబెట్టాలి. మెత్తబడ్డాక ఇరవై సార్లు సా. తర్వాత సరళీ స్వరాలు మూడు కాలాల్లో, జంట స్వరాలు, ఒక వర్ణం, అరగంట రాగం. పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు పెట్టిన వరస. అన్నీ మా నాన్న దగ్గర నేర్చుకునే వచ్చాను నేను. అయినా "మీ ఇంటి ఊపిరి వేరు, మా ఇంటి ఊపిరి వేరు" అని మళ్ళీ సా దగ్గర నుంచి మొదలుపెట్టించాడు. దానికో పరీక్ష కూడా. ఆయన గ్లాసుడు టీ తాగేదాకా నేను సా తెగనివ్వకూడదు. ఊపిరి ముక్కుతో దొంగతనంగా తీసుకోవాలి. ఆయనేమో టీ చల్లార్చుకుని, మధ్యలో పేపరు తిరగేసుకుని తాగే మనిషి. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆ టీ త్వరగా అయిపోలేదు.

ఇవాళ సాధన: పీక నానబెట్టడం గంట. ఊదడం మూడు నిమిషాలు.

పైదంతా మళ్ళీ చదివాను. ఇది డాక్టరుకి చూపించేలా లేదు. డాక్టరుకి వేరే కాగితం మీద మంచిమాటలు రాసిస్తాను. ఇది నాకే.

ఏప్రిల్ 11

సాధన లేదు. కరెంటు పోయిందని రాయమన్నాడు. సన్నాయికి కరెంటు దేనికని అడిగితే శ్రుతి పెట్టెకి అన్నాడు. శ్రుతి ఆయన ఫోన్లోనే ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

పక్కింటి ప్రమీలమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది.

"ఏంది వదినా, ఎవురికన్నా పాఠాలు చెప్తన్నారా? తెల్లారకముందే ఒకటే పీ పీ అని?"

"అవునమ్మా, కొత్త పిల్లోడు చేరాడు."

"చానా మొద్దు పిల్లోడల్లే ఉండాడే!"

ఆ మొద్దు పిల్లోడు కిటికీ పక్కనే ఉన్నాడు. మధ్యాహ్నం మాంసం ముట్టలేదు. అలిగాడో, ముక్క నమల్లేకపోయాడో తెలియలేదు. అడగలేదు. నా వాటా, ఆయన వాటా రెండూ నేనే తిన్నాను.

ఏప్రిల్ 14

అసలు చిక్కు ఇది. ఆయన పాత పళ్ళు రెండు ముందుకు వాలి, మధ్యలో సందుతో ఉండేవి. నలభై ఏళ్ళలో పీక తనకు కావలసిన చోటు తానే చేసుకుంది. ఆ సందులో పెదవి కుదురుగా కూర్చునేది. చిగుళ్ళు పాడై రంజాన్‌కి ముందు అన్నీ పీకించుకున్నాడు. కొత్త పళ్ళకు డాక్టరు రంగుల అట్ట చూపిస్తే, అన్నిటిలోకీ తెల్లటివి, గీత గీసినట్టు ఉండేవి ఏరుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి పెళ్ళికొడుకు పళ్ళు. ఇప్పుడు పెదవికి పట్టు లేదు. "పాత పళ్ళ ఫొటో ఉంటే తీసుకురండి, అలాగే కడతాను" అన్నాడు డాక్టరు. ఇల్లంతా వెతికాను. మా ఫొటోలన్నిటిలోనూ ఆయన నోట్లో సన్నాయే ఉంది.

ఇవాళ నేను టీ పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"సా పట్టండి. నేను టీ తాగేదాకా."

ఒక చూపు చూశాడు. అయినా పట్టాడు. నేను చల్లార్చుకుంటూ తాగాను. రెండో గుక్కకే సా తెగింది. పేపరు తిరగేయడం నాకు రాదు గానీ ఇవాళ తిరగేశాను.

ఏప్రిల్ 17, గురువారం

ఆయన డాక్టరు దగ్గరికి పోయాడు. ఎండలకి సన్నాయి కర్ర ఎండి పగులుతుందేమోనని కాసేపు తోడి రాగం ఊదాను. కర్ర కోసమే. నలభై నిమిషాలు.

ఏప్రిల్ 18

ఆయన జుమ్మా నమాజుకు వెళ్ళాడు. కొత్త పీకలు పలుకుతాయో లేదో చూడాలని మళ్ళీ తోడి. పీకలు మూడు. మూడింటి మీదా అదే రాగం ఊదితేనే కదా తేడా తెలిసేది. నాకేం కోరిక లేదు.

ఏప్రిల్ 21, సోమవారం

సాంబశివరావు గారు తాంబూలం పట్టుకుని వచ్చారు. నకరికల్లు అవతల వాళ్ళ ఊరు. అక్కడి వేణుగోపాలస్వామి గుడి కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. ఏటా వైశాఖ పున్నమికి కల్యాణం. సాంబశివరావు గారి తాతగారి కాలం నుంచి సన్నాయి మా అత్తగారింటి వాళ్ళదే. స్వామి పీటల మీదికి రాకముందు అరగంట తోడి ఊదాలి, ఊరి పెద్దలు కూర్చుని వినాలి. నచ్చితే స్వామివారి శేషవస్త్రం కప్పుతారు. అదీ ఆ ఊరి పద్ధతి.

మా ఆయన మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. పళ్ళ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని మాకు ఆజ్ఞ.

"ఏందయ్యా సాయిబూ, పన్ను నొప్పా?"

"జలుబండీ" అన్నాను నేనే.

"జలుబైతే మానుద్దిలే. మే పన్నెండు ముహూర్తం. ఇదిగో, ముందే చెప్తన్నా. ఈ కుర్రోళ్ళందరూ డీజే డీజే అని నా పేణం తీస్తన్నారు. నేనొక్కణ్ణే అడ్డం నిలబడ్డా. ఈ ఏడు తోడి అదిరిందా, నా నోరు లేస్తది. లేదా, వచ్చే ఏటి నించి నీ చాప నేను కూడా ఎయ్యలేను."

ఆయన తువ్వాలు లోపల నుంచి "ఊ" అన్నాడు. స్వామి చేతిలో పిల్లనగ్రోవి ఉంటుంది. ఎన్ని యుగాలైనా పళ్ళు ఊడని వాద్యకారుడు ఆయనొక్కడే.

ఇంకా ఇరవై ఒక్క రోజులు. మా ఆయన కుదురుకుంటాడు. నేను ఎడమవైపు కూర్చుని నా సందులు నేను పూడ్చుకుంటాను. నాకేం కోరిక లేదు.

ఏప్రిల్ 25

సాధన: పావుగంట, నిజంగానే. సరళీ మొదటి కాలం ఊదాడు. మ దాకా బాగానే ఉంది. ప దగ్గర పళ్ళు కదిలాయి. టీ పరీక్షలో సగం గ్లాసు దాకా వచ్చాడు. నాకు సంతోషం వేసింది. వేసిందనే రాస్తున్నాను.

ఏప్రిల్ 29, మంగళవారం

పళ్ళు బిగించుకురావడానికి ఆయన మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాడు. తలుపులు, కిటికీలు మూసి గంటసేపు తోడి ఊదాను. ఇవాళ గాంధారం దగ్గర నిలబడితే నాకే ఒళ్ళు జలదరించింది. ఇంతకాలం ఇది నా ఊపిరితిత్తుల్లో ఎక్కడ దాక్కుందో.

సన్నాయి కడుగుతుంటే ప్రమీలమ్మ వచ్చింది.

"అన్నయ్య ఇప్పుడే లోపలికొచ్చాడా వదినా? గంట నించి మెట్ల మీదనే కూచోనుండె. డాక్టరు ఊళ్ళో లేడంట. తలుపు కొట్టరాదా అంటే నోటి మీద ఏలేసుకున్నాడు. చెప్పులు గూడా ఇప్పలా."

ఆయన మంచినీళ్ళు అడిగి తాగాడు. అన్నం తిన్నాడు.

ఏప్రిల్ 30

మా ఇళ్ళల్లో ఒక వేదాంతం ఉంది. పీక పలకకపోతే గీకు. బొంగురుగా ఉంటే గీకు, కీచుమంటే గీకు. ఆయన ఆ చిన్న కత్తితో నలభై ఏళ్ళుగా పీకలు గీకుతున్నాడు. ఆ కత్తికి లొంగని పీక లేదు.

పొద్దున పెరట్లో గోడ వంక తిరిగి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో లుంగీ నిండా తెల్లటి పొడి. సున్నం చల్లుకున్నాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో పళ్ళు. ముందు పళ్ళ మధ్య అచ్చం పాత సందులాంటి సందు తీశాడు. చక్కగా తీశాడు, అబద్ధం చెప్పకూడదు. ఆ సందులో మొదలైన పగులు అంగిలి దాకా పాకింది. నేను చూస్తుండగానే సెట్టు రెండు ముక్కలైంది.

"ఇంకొక్కసారి గీకితే సరిపోయేదే" అన్నాడు.

గిన్నెలు పడేయాల్సిన పని రాలేదు. నవ్వు రాలేదు. నిన్న నేను ఆ తోడి ఊదకపోతే ఆయన ఇవాళ కత్తి తీసేవాడు కాదు.

మే 1, గురువారం

కట్టుడు పళ్ళను చెక్కుకున్న మనిషిని డాక్టరు తన సర్వీసులో చూడలేదట. కొత్త సెట్టుకి మూడు వారాలు. కల్యాణానికి పదకొండు రోజులు.

సాయంత్రం అయాజ్ వచ్చాడు. "అన్నా, ఎవర్నన్నా పిలిచి కుడిపక్కన కూచోబెడదాం, ఈ ఒక్క ఏడుకీ" అన్నాడు.

"నా చాప మీద ఇంకోడా? డోలు పగలగొడతా!" బోసినోటితో కోపం సరిగా పలకలేదు. అయాజ్ తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చిలకలూరిపేట నుంచి ఎవరు ఖాళీ, వినుకొండ నుంచి ఎవరు ఖాళీ. నేను అక్కడే కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. అరకిలో అయిపోయాయి. నన్ను ఎవరూ అడగలేదు.

అయాజ్ వెళ్ళాక ఆయన అన్నాడు. "కుడిపక్క నేనే కూచుంటా. బుగ్గలు పొంగిస్తా, ఏళ్ళు ఆడిస్తా. నువ్వు ఎడమ పక్క నించి ఊదు. ఎవురికి తెలస్తది?"

"తోడి కూడానా?"

"నీకు వచ్చుగా" అన్నాడు గోడ వంక చూస్తూ.

మెట్ల మీద కూర్చున్న గంటకి ఆయన ఇచ్చిన రసీదు ఇదొక్కటే. సరే అన్నాను. గుడి నిలబడితే అంతే చాలు. నాకేం కోరిక లేదు.

మే 5

అద్దం ముందు రిహార్సలు. ఆయన బుగ్గలు బ్రహ్మాండంగా పొంగుతున్నాయి. చిక్కంతా వేళ్ళతోనే. రాగం నాది కాబట్టి ఎటు పోతుందో ఆయనకు తెలియదు. నేను పైకి పోయాక ఆయన వేళ్ళు పైకి వస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళు నా వేళ్ళు ఆయన వెనక పరిగెత్తాయి. అద్దంలో చూస్తూ కావాలనే రెండు మూడు చోట్ల మలుపు తిప్పాను.

"ఏమే, బస్సు పోతందా? గాంధారం కాడ నిలబడు. నిలబడి, చుట్టూ చూసుకోని, అప్పుడు పో."

నిలబడ్డాను. ఆయన చెప్పింది నిజం. ముసలి మనిషికి పళ్ళే పోయాయి గానీ చెవులు పోలేదు.

మే 8

సాధన: నాకు నాలుగు గంటలు. ఆయన బుగ్గలకు రెండు.

మే 11, ఆదివారం

చీర ఇస్త్రీ చేశాను. ఆయన పంచె, కండువా ఇస్త్రీ చేశాను. పీకలు ఐదు డబ్బాలో పెట్టాను. ఎవరైనా కనిపెడితే? ఎవరూ కనిపెట్టకపోతే?

మే 12, సోమవారం

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదికి చాప వేశారు. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. ఎదురుగా సాంబశివరావు గారు, పెద్దలు. వెనక కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు. ఆయన తువ్వాలు తీసి సన్నాయి పెదవులకి ఆనించి, కళ్ళు మూసుకుని, బుగ్గలు పొంగించాడు. నేను ఊదాను.

మొదటి పది నిమిషాలు భయం. తర్వాత మరిచిపోయాను. గాంధారం దగ్గర నిలబడి, చుట్టూ చూసుకుని, అప్పుడు పోయాను. అరగంట అయ్యేసరికి ఫోన్లు దిగిపోయాయి. ఒక ముసలాయన పైపంచతో కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన వంక చూస్తూ తుడుచుకున్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. తాళి దగ్గరికి వచ్చేసరికి మునిగాం. మంగళసూత్రం కట్టే క్షణంలో తుమ్ములు, ఏడుపులు ఏ అశుభమూ వినిపించకుండా వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాలి. పూజారి గారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నారు. నలభై ఏళ్ళ అలవాటు. ఆ మాట చెవిన పడగానే ఆయన నటన మరిచిపోయి నిజంగానే ఊదేశాడు. బోసి చిగుళ్ళ మీద నుంచి వచ్చిన ఆ కూత నేను రాయలేను. గేదె పడ్డ బాధలన్నీ అందులో ఉన్నాయి. అశుభాన్ని మూయాల్సిన గట్టిమేళంలోనే అశుభం. అయాజ్ డోలు బాదేశాడు, నేను పైస్థాయికి ఎగబాకాను. పీటల మీద స్వామి మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

అంతా అయ్యాక సాంబశివరావు గారు శేషవస్త్రం పట్టుకుని వచ్చారు.

"ఏందయ్యా సాయిబూ! ముప్ఫై ఏళ్ళ నించి నీ సన్నాయి ఇంటన్నా. ఇట్టాంటి తోడి ఎప్పుడూ ఊదలా నువ్వు. ఇంక డీజే అన్నోడి సంగతి నేను చూస్తా." తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, అంతా బానే ఉంది గానీ, తాళి కాడ ఆ కూతేంది? అంత పెద్దాయన పక్కన కూచున్నప్పుడు ఒళ్ళు దగ్గిర పెట్టుకోవద్దా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా నోట్లో నుంచి వచ్చింది మాత్రం "తప్పైందండీ" అనే. అది కూడా అలవాటే. సందు పూడ్చేశాను.

అప్పుడు ఆయన లేచాడు. మూడు నెలలుగా ప్రమీలమ్మకి కూడా నోరు కనపడకుండా అడ్డం పెట్టుకున్న ఆ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. సాంబశివరావు గారి ముందుకొచ్చి, నోరు బార్లా తెరిచాడు.

"సూడండి. దగ్గిరకొచ్చి సూడండి. ఒక్క పన్నన్నా ఉందా? ఈ నోటితో తోడి ఊదుతారంటయ్యా ఎవురన్నా? ఆ కూత నాది. తోడి మా ఆడమనిషిది."

మళ్ళీ తెరిచాడు. అటు కుర్రాళ్ళ వైపు తిప్పాడు, ఇటు పెద్దల వైపు తిప్పాడు. ఎవరో నవ్వారు. ఎవరో ఫోన్లో తీశారు. తీసుకోనిచ్చాడు. పళ్ళ రంగు ఏరుకోవడానికి అద్దంలో అరగంట చూసుకున్న మనిషి, తిరణాల మధ్యలో చిగుళ్ళు చూపించుకుంటూ నిలబడ్డాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది.

శేషవస్త్రం ఎవరికి కప్పాలో తెలియక సాంబశివరావు గారు కాసేపు దాన్ని మడతపెట్టి విప్పారు. చివరికి భార్యను పిలిచారు. సరస్వతమ్మ గారు వచ్చి నా భుజాల చుట్టూ కప్పారు.

"నాకు ముందే తెలుసులే" అన్నారు చెవి దగ్గర. "ఆయన బుగ్గలే పొంగినయ్. నరాలు నీ మెడ మీద లేసినయ్."

ఆ వస్త్రం కప్పుకునే ఇది రాస్తున్నాను. నాకేం కోరిక లేదని ఈ పుస్తకంలో నాలుగుసార్లు రాశాను. నాలుగూ అబద్ధాలే. నాకు చాలా కోరిక. పెళ్ళైన కొత్తలో ఆయన మొదటి గ్లాసు టీ తాగిన రోజు నుంచీ కోరికే.

మే 13, మంగళవారం

నాలుగున్నరకి లేచేసరికి చాప వేసి ఉంది. పీకలు రెండు గ్లాసులో నానుతున్నాయి. ఆయన ఎడమవైపు కూర్చుని ఉన్నాడు.

"అదేంది, అటు కూచున్నారు?"

"పళ్ళొచ్చేదాకా" అన్నాడు. గ్లాసులోంచి ఒక పీక తీసి దులుపుతూ, "వచ్చినాక చూద్దాంలే. టీ పెట్టుకున్నావా? పరీచ్చ పెట్టు."

టీ గ్లాసు పట్టుకుని కుడివైపు కూర్చున్నాను. ఆయన చిగుళ్ళ మధ్య పీక ఇరికించి సా పట్టాడు. సగం గాలి, సగం సా. మెడ నరాలు లేచాయి. కళ్ళు నా గ్లాసు మీదే ఉన్నాయి.

గోడ అవతల ప్రమీలమ్మ లేచినట్టుంది, "మళ్ళీ చేరాడమ్మా మొద్దు పిల్లోడు" అంటోంది.

సా వణకడం మొదలైంది. టీ ఇంకా పొగలు కక్కుతోంది. గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాను. నాలుక కాలిపోయింది.

"అయిపోయింది, ఇంక ఆపండి" అన్నాను.